గేలెన్ చొక్కా తోకలు

మా టామరాక్ ఊళ్ళో గేలెన్ టెస్మర్ తుపాకి పేలితే జింకలు బెదరవు. ఇది బార్లో కూర్చున్నవాళ్ళు కల్పించిన వేళాకోళం కాదు, నేను కళ్ళారా చూసిందే. ఒక నవంబరులో అతను మంచె మీంచి పేల్చాడు. కింద మేస్తున్న జింక, చెవి చీలిన ఆడజింక ఒకటి, తలెత్తి అతనివైపు చూసింది. ఎదురింటి కుక్క మొరిగితే మనం ఎంత పట్టించుకుంటామో అంతే పట్టించుకుని మళ్ళీ తల దించి మేసుకుంది.

గేలెన్ పాలబండి నడిపి రిటైరైన మనిషి. బళ్ళో నా వెనక బెంచీ. టీచరు కప్పను కోయమని చేతికిస్తే దాన్ని జేబులో వేసుకుని వెళ్ళి కాలవలో వదిలొచ్చాడు, ఆ ఏడాది సైన్సు తప్పాడు. అలాంటివాడు పెద్దయ్యాక ఏటా వేటగాళ్ళ నారింజరంగు కోటు తొడుక్కుని తుపాకి భుజాన వేసుకుని అడవికి పోతుంటే మాకెవరికీ అనుమానం రాలేదు. ఉత్తర విస్కాన్సిన్‌లో పుట్టినవాడు నవంబరులో ఇంకేం చేస్తాడని ఊరుకున్నాం.

మా బార్ వెనక మా నాన్న కట్టిన వేట గుడిసె ఉంది. అక్కడ ఒక రివాజు. జింక మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకు మేకు కొట్టాలి. దాన్ని చొక్కా తోక అంటాం. నాన్న పోయాక కత్తెర నా చేతికొచ్చింది. ఊళ్ళో మగాళ్ళందరికీ ఆ గోడ మీద ఒకటో రెండో తోకలుంటాయి, గేలెన్‌కి మాత్రం ఒక గోడ మొత్తం ఉంది. చాలక తలుపు మీదికి కూడా పాకింది.

"ఒరే గేలెన్, ఆ పైన్ చెట్టు నీకేం ద్రోహం చేసిందిరా? ఎప్పుడూ దాన్నే కొడతావు" అనేవాడు మా తమ్ముడు లైల్. మా ఊళ్ళో జింకను నిజంగా పడగొట్టగలిగినవాళ్ళలో ఆఖరివాడు వాడే. ఆ సంగతి రోజుకోసారి చెప్తేగాని వాడికి అన్నం సహించదు.

"గాలి ఉంది లైల్."

"ప్రతి ఏడూ నీ ఒక్కడి మంచె దగ్గరే ఉంటుందేం ఆ గాలి?"

గేలెన్ నవ్వి, వంగి, వీపు నా వైపు తిప్పేవాడు. నేను కత్తిరించేదాన్ని. బోలెడేళ్ళు కత్తిరించాకగాని ఒక విషయం నా బుర్రకెక్కలేదు. అతని వేట చొక్కాల తోకలు మామూలు చొక్కాలకంటే జానెడు పొడుగు, ఆ జానెడూ వేరే గుడ్డ. పువ్వుల పరదా ముక్కో, పాత దిండుగలీబో ఉండేది. అతని భార్య డోర్లా ప్రతి అక్టోబరులోనూ, మిగతా ఆడవాళ్ళం ఆపిల్ జామ్ కాచుకుంటుంటే, కుట్టుమిషన్ ముందు కూర్చుని మొగుడి చొక్కాకు అదనపు తోక కుట్టేది.

గురి తప్పకముందే తోక సిద్ధం చేసే ఇల్లాలిని నేనెక్కడా చూడలేదు. ఒకరోజు నిలదీశాను.

"చొక్కాలు ఖరీదు ఆర్డిస్" అంది డోర్లా.

"నా దగ్గర నాటకాలాడకు. వాడు కావాలనే తప్పుతున్నాడు కదూ?"

డోర్లా దారం పళ్ళతో తెంపింది. "చంపడం అతనివల్ల కాదే. పోనీ మానెయ్యమంటే, మానేస్తే కొంగల గతేంటంటాడు."

కొంగల సంగతి చెప్పాలి. మా ఊరి చివర ప్రభుత్వంవారి చిత్తడి ఉంది. పాతకాలం కట్ట, దానికో తూము. తూముకు చెక్కపలకలు వేసి నీళ్ళు నిలబెడితేనే వసంతంలో బెగ్గురు కొంగలు దిగుతాయి. ఆ పలకలు వేసేవాడి జీతం, కట్ట మీద మట్టి, అన్నీ వేటగాళ్ళు కొనే లైసెన్సుల డబ్బుతోనూ తూటాల మీద పన్నుతోనూ నడుస్తాయి. కొంగల్ని చూడ్డానికి నగరం నుంచి మెళ్ళో దుర్భిణులు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు ఒక్క పైసా కట్టక్కర్లేదు. నా బార్‌లో బాత్రూము వాడుకుని, ప్రకృతిని ప్రేమించాలని నాకు చెప్పి వెళ్ళిపోతారు. అంటే ఈ దేశంలో ఒక ప్రాణి బతకాలని కోరుకునేవాడు, దాన్నో ఇంకోదాన్నో చంపడానికి అనుమతి కొనుక్కోవాలి. గేలెన్ ఆ లెక్క కుర్రతనంలోనే గ్రహించాడు. లైసెన్సు కొన్నాడు, తూటాలు కొన్నాడు, తీసుకెళ్ళి పైన్ చెట్టుకు సమర్పించుకున్నాడు. ఆ చెట్టును ఎప్పుడైనా నరికితే రంపం పళ్ళు రాలిపోతాయి.

మంచు కరిగాక మొగుడూ పెళ్ళాలిద్దరూ కట్ట మీద కుర్చీలు వేసుకుని ఫ్లాస్కులో కాఫీ పోసుకుని కొంగల కోసం కాచుకునేవారు. జబ్బు ముదిరి లాభం లేదని డాక్టరు చెప్పాక డోర్లా చేసిన పనేంటో తెలుసా, మూడు చొక్కాలు కొని తెప్పించి, మూడింటికీ తోకలు కుట్టిపెట్టింది. అంతవరకే శక్తి ఉంది ఆమెకు. ఆమె పోయాక కూడా గేలెన్ కట్ట మీద రెండు కుర్చీలే వేసేవాడు. రెండోదాని మీద కాఫీ పోసిన ఫ్లాస్కు మూత పెట్టుకునేవాడు.

ఆ మూడింట్లో మొదటి చొక్కా తోక కత్తిరించిన మరుసటి ఏడు, ఒక శుక్రవారం చేపల వేపుడు పూట, నెంగ్ వాంగ్ బార్లోకి వచ్చాడు. తూము పలకలు వేసేది అతనే. వాళ్ళ అమ్మానాన్నలు లావోస్ నుంచి వచ్చారు, అతను ఇక్కడే పుట్టాడు. ఎప్పుడూ బురద బూట్లు గుమ్మం దగ్గర విప్పి వస్తాడు, ఆ రోజు మరిచిపోయి తొక్కుకుంటూ వచ్చాడు.

"ఆంటీ, కాఫీ ఉంటే పొయ్యండి. సంగతి బాలేదు."

"ఏమైందిరా?"

"లైసెన్సులు కొనేవాళ్ళు లేరంట. పెద్దోళ్ళు పోతున్నారు, పిల్లలు ఫోన్లు వదలరు. మా ఆఫీసులో డబ్బుల్లేవు. ఇంకో ఏడు ఇలాగే ఉంటే ఇక్కడి చిత్తడి వదిలేసి, తూము పలకలు పీకేసి, నన్ను దక్షిణానికి పంపేస్తారంట."

గేలెన్ చేపముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "పలకలు పీకేస్తే?"

"నీళ్ళు ఏట్లోకి పోతాయి పెద్దాయనా. ముందు గడ్డి మొలుస్తుంది, తర్వాత తుప్పలు. కొంగలు దిగవు."

గేలెన్ చాలాసేపు వెనిగర్‌లో ఊరుతున్న కోడిగుడ్ల సీసాను చూస్తూ కూర్చున్నాడు. అతను చూస్తున్నది గుడ్లను కాదని నాకు తెలుసు. కట్ట మీద ఖాళీ కుర్చీ, దాని ముందు తుప్పలు.

"వేటగాళ్ళు పెరిగితే నిన్నిక్కడే ఉంచుతారా?" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నాడు లైల్. "చెట్టుకు కాస్తారా?"

గేలెన్ తిన్నగా చర్చికి వెళ్ళాడు. మా లూథరన్ చర్చి పాటల బృందానికి మార్విస్ పెద్ద. నోరు తెరిస్తే సన్నాయి, మూస్తే చండశాసనం.

"నేను మాంసమే ముట్టను గేలెన్" అంది మార్విస్.

"అందుకే నీ దగ్గరికొచ్చా. తినేవాళ్ళను పిలిస్తే జింకల్ని కొట్టేస్తారు."

లైసెన్సు కావాలంటే కొత్తవాళ్ళు తుపాకి భద్రత తరగతులకు వెళ్ళాలి. మా ఊళ్ళో ఆ తరగతులు చెప్పేది ఎవరనుకున్నారు, గేలెనే. తుపాకి నోరు మనిషివైపు తిప్పకూడదు, పేల్చేముందు వెనకాల ఏముందో చూసుకోవాలి, ఇవన్నీ నిష్ఠగా నేర్పాడు. ఆ తర్వాత చర్చి నేలమాళిగ తలుపు దగ్గరగా వేసి అసలు పాఠం మొదలుపెట్టాడు.

"జింక వీపుకి జానెడు పైన చూడండి. దాని వెనక చెట్టు మొదలు లావుగా ఉండాలి. తూటా చెట్టులోకి పోవాలి, పక్కూరికి కాదు. పేల్చాక నిరాశగా మొహం పెట్టండి."

"ఎంత నిరాశగా?" అని అడిగింది మార్విస్. ఆవిడకు ఏదైనా పద్ధతిగా ఉండాలి.

ఆ నవంబరు తొలిరోజు మా అడవి చూడవలసిందే. మంచెకొక గాయని. నారింజ కోట్లు, మెడకు నారింజ ఉన్ని అల్లికలు, ఒళ్ళో బంగాళాదుంపలు పరిచి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ కూర గిన్నెలు. చలికి వణుకు తగ్గాలని మార్విస్ ఒక కీర్తన ఎత్తుకుంటే, పక్క మంచె మీంచి రెండో గొంతు అందుకుంది, ఆ అవతల మంచె మీంచి మూడోది. జింకలు గుంపుగా వచ్చి నిలబడి విన్నాయి. ఒక్కొక్కరూ లేచి ఒక్కో చెట్టును కొట్టారు. మార్విస్ మంచె దిగి వెళ్ళి తాను కొట్టిన చెట్టుకు క్షమాపణ చెప్పుకుంది.

సాయంత్రం గుడిసె ముందు తోకలు కత్తిరించుకోవడానికి వరస కట్టారు. ఒకావిడ విడాకులిచ్చిన మొగుడి పట్టుచొక్కా వేసుకొచ్చి "ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి" అని కాలరు దాకా కత్తిరింపించింది. నా కత్తెర మొండిదైపోయింది. గేలెన్‌ది డోర్లా కుట్టిన రెండో తోక. దాన్ని మాత్రం మొండి కత్తెరతో కొయ్యలేక ఇంట్లోంచి కొత్తది తెచ్చాను. గోడలు చాలకపోతే ఆడవాళ్ళు మిగిలిన తోకలన్నీ కలిపి ఒక బొంత కుట్టి, మాంసం లాటరీలో బహుమతిగా పెట్టారు. అది మార్విస్‌కే తగిలింది. తోడుగా పంది తొడ కూడా తగిలితే, నెంగ్‌కి ఇచ్చేసింది.

నెంగ్ వాళ్ళ ఆఫీసు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రాష్ట్రమంతా వేటగాళ్ళు తగ్గుతుంటే టామరాక్‌లో పెరిగారు. వాళ్ళలో ఒకాయన జింకబొమ్మ ఉన్న కేకు తెచ్చి మార్విస్ చేత కోయించి, కొత్త తరం వేటగత్తెలకు వందనం అన్నాడు. మార్విస్ జింకబొమ్మ తప్పించి చుట్టూ కోసింది.

క్రిస్మస్ ముందు నెంగ్ మళ్ళీ బూట్లు విప్పకుండా వచ్చాడు.

"ఇంకో కబురు ఆంటీ. ఇంతమంది వేటగాళ్ళు తిరిగితే ఒక్కటంటే ఒక్క జింక కూడా పడలేదు కదా. అందుకని ఇక్కడ జింకలే లేవని తేల్చారు."

అప్పుడు మా కిటికీ అవతల, చర్చి ముందు, జింకలు బారులు తీరి బాలయేసు పశువులపాకలో పరిచిన గడ్డి తింటున్నాయి. ఒకటి జోసెఫు బొమ్మను తలతో పక్కకు తోస్తోంది.

"ఆ మాట వాటికి చెప్పు" అన్నాడు లైల్.

"నేను చెప్పానండీ, చాలా కనబడుతున్నాయని. కనబడ్డవి లెక్కలోకి రావన్నారు, పడ్డవే వస్తాయంట."

చచ్చినవాటిని బట్టి బతికున్నవెన్నో కట్టడం వాళ్ళ పద్ధతి. మిగతా ఊళ్ళలో అది సరిగ్గానే పనిచేస్తుంది, ఎందుకంటే మిగతా ఊళ్ళలో వేటగాళ్ళు వేటాడతారు. మా ఊరొకటి ఇలా తయారైందని వాళ్ళకేం తెలుసు పాపం. వచ్చే సీజన్లో కూడా ఏమీ పడకపోతే, జింకలు మళ్ళీ పెరిగేదాకా మా దగ్గర వేట మూసేస్తారట. వేట లేకపోతే లైసెన్సులుండవు. లైసెన్సుల్లేకపోతే నెంగ్ ఉండడు, తూముకి పలకలుండవు.

"ఒక్కటి పడితే చాలా?" అని అడిగాను.

"చాలు. ఒక్కటైనా నమోదైతే ఇంకా జింకలున్నాయని రాసుకుంటారు."

అందరం లైల్‌ని చూశాం. లైల్ కర్ర ఎత్తి చూపించాడు. కిందటి సీజనుకు ముందే తుంటి అరిగిపోయి, కొత్తది వేయించుకోవడానికి వసంతం దాకా ఆగమన్నారు, ఆ వసంతం మరో ఏడాదికి జరిగింది. మంచె ఎక్కడం కాదుకదా, బార్ స్టూలు ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. నా కళ్ళకు శుక్లాలు. గాయనీమణుల్ని అడగలేం, వాళ్ళకు నేర్పిందే తప్పడం.

"మా మామయ్యల్ని పిలుస్తాను, వాళ్ళు ఉడతని కూడా వదలరు" అన్నాడు నెంగ్.

సీజను రాగానే మామయ్యలు వచ్చారు, మంచి వేటగాళ్ళు. రెండు రోజులు అడవి జల్లెడపట్టి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చారు. ఎందుకంటే జింకలన్నీ ఊళ్ళోకొచ్చేశాయి. ఊరి హద్దులోపల తుపాకి పేల్చకూడదు. పోస్టాఫీసు మెట్ల మీద పడుకున్నాయి, నా బార్ ముందు గుమ్మడికాయలు తిన్నాయి. పెద్ద మామయ్య మా గుమ్మంలో నిలబడి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న కొమ్ముల మగజింకను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అడవిలో మిగిలింది ఒక్కటే. ఆ చీలిన చెవి ఆడజింక. వేరేవాళ్ళ అలికిడైతే మాయమయ్యేది గాని, గేలెన్ మంచె కింద మాత్రం రోజూ మేసేది. ఆ మంచె మీంచి తనకే హానీ రాదని దానికి ఏళ్ళ తరబడి తెలుసు.

"నేనే పోతాను" అన్నాడు గేలెన్. డోర్లా కుట్టిన ఆఖరి చొక్కా వేసుకున్నాడు. దాని తోక వాళ్ళ వంటింటి పరదాది, పసుపు పువ్వులు.

"ఈసారి నిజంగానే కొడతావుట్రా?" అన్నాడు లైల్. మొదటిసారి వాడి గొంతులో వెక్కిరింత లేదు.

"కొట్టకపోతే డోర్లా కుర్చీ తుప్పల్లో వెయ్యాలి."

మర్నాడు పొద్దున వెళ్ళి సాయంత్రం ఉత్త చేతుల్తో వచ్చాడు. తుపాకి పేలనే లేదు. ఆ మర్నాడూ అంతే. నేను బ్రాందీ పోసి పక్కన పెడితే తాగలేదు. ఆఖరిరోజు పొద్దు వాలుతుండగా గేలెన్ మంచె ఉన్న చిత్తడివైపు నుంచి తుపాకి చప్పుడు ఒకటి వినబడింది. బార్లో మా పక్కన కూర్చుని సన్నగా పాడుతున్న మార్విస్ పాట ఆపేసింది. లైల్ కర్ర పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు.

చీకటిపడే వేళకి గేలెన్ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, చేతులు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు.

"పడింది" అన్నాడు.

నెంగ్ వెంటనే ఫోన్లో నమోదు చేశాడు. మామయ్యలు వీపు చరిచారు, లైల్ ముసలి కళ్ళు తుడుచుకుని "ఇన్నాళ్ళకు మగాడివయ్యావురా" అని అందరికీ తన లెక్కలో బ్రాందీ పోయించాడు. నేను కూడా నవ్వాను. తోకలు కత్తిరించడం మొదలుపెట్టాక గేలెన్ చొక్కా నిండుగా ఉన్న సీజను అదొక్కటే. పసుపు పువ్వుల తోక వెనక అలాగే వేలాడుతోంది, కనీసం అదైనా మిగిలిందనుకున్నాను.

గేలెన్ కౌంటరు అవతలికి వచ్చి సొరుగులోంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

"కత్తిరించు ఆర్డిస్."

"ఎందుకురా? కొట్టావు కదా?"

"రివాజు ఏంటి? గురిపెట్టింది తగలకపోతే తోక పోవాలి, అంతేనా?"

"అంతే."

"రెండు రోజులు దాని గుండెకే గురిపెట్టాను. వేలు కదల్లేదు. ఇవాళ ఇంక నావల్ల కాదనుకుని, దిగేముందు ఎప్పట్లాగే జానెడు పైకి, పైన్ చెట్టుకి గురిపెట్టాను. వేలు హాయిగా కదిలింది." అతను స్టూలు పట్టుకున్నాడు. "సరిగ్గా అప్పుడే అది దేవదారు కొమ్మ అందుకోవడానికి వెనక కాళ్ళ మీద లేచింది. పేలాక కూడా నన్ను నమ్మకంగానే చూసింది ఆర్డిస్. నేను చెట్టును కొట్టాను. చెట్టుకి తగల్లేదు. కత్తిరించు."

లైల్ తన గ్లాసు బోర్లించాడు. గేలెన్ వంగి, వీపు నావైపు తిప్పాడు. డోర్లా కుట్టు చాలా సన్నం, ఒక్కో కుట్టూ గింజంత. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే కత్తిరించాను. నెంగ్ మేకు కొట్టాడు.

ఆ మాంసం చర్చి వంటశాలకు ఇచ్చేశాడు. వడ్డించిన రోజు మార్విస్ కూడా వచ్చి ఒక ముక్క తింది.

జింకలున్నాయని ఆఫీసువాళ్ళు రాసుకున్నారు. నెంగ్ తూముకు కొత్త పలకలు వేశాడు. మంచు కరగగానే కొంగలు గోల చేస్తూ దిగాయి. గేలెన్ కట్ట మీద రెండు కుర్చీలూ వేశాడు. నేను వెళ్ళాను గాని ఆ రెండోదాంట్లో కూర్చోలేదు, కట్ట మీదే గుడ్డ పరుచుకున్నాను.

మొన్న అక్టోబరులో జామ్ కాస్తుంటే గేలెన్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో కొత్త చొక్కా, ఒక దిండుగలీబు.

"నీకు కుట్టు వచ్చా ఆర్డిస్?"

"బొత్తాం కూడా కుట్టలేను. మళ్ళీ వెళ్తావురా?"

"లైసెన్సు కొనేశా. ఆఫీసువాళ్ళకి కావలసిన ఆ ఒక్కటీ లైల్ చూసుకుంటాడంట, కొత్త తుంటితో ఎగురుతున్నాడు." గలీబు నా ఒళ్ళో పెట్టాడు. "నేర్చుకో. నవంబరు దగ్గరికొచ్చేసింది."

జామ్ మాడిపోయింది. తోక కుట్టడం పూర్తయ్యేసరికి వేళ్ళన్నీ సూదిపోట్లే. వంకరగానే వచ్చింది. ఎలాగూ కత్తిరించేది నేనే కదా అని అలాగే ఇచ్చేశాను.